150 డాలర్ల అబద్ధం

విమానంలో ప్రయాణించే కుక్కకు కూడా రుసుము ఉంటుందన్న సంగతి మన పాఠకులలో చాలామందికి కొత్తగా తోచవచ్చు. అమెరికాలో అది నిత్య వ్యవహారం. అక్కడి విమాన సంస్థలు చిన్న పెంపుడు కుక్కను గాలి ఆడే సంచిలో ఉంచి, ముందు సీటు క్రింద పెట్టుకొని తీసుకువెళ్లడానికి అనుమతిస్తాయి. అందుకు ఒక్కొక్క వైపు ప్రయాణానికి సాధారణంగా 100 నుండి 150 డాలర్ల వరకు వసూలు చేస్తాయి. రాకపోకలకు కలిపి లెక్కిస్తే మన రూపాయలలో దాదాపు పాతిక వేల వరకు అవుతుంది. అయితే ఆ కుక్క అంధునికి దారి చూపే కుక్క అయినా, మరొక వైకల్యం గల వ్యక్తికి సేవ చేయడానికి శిక్షణ పొందిన కుక్క అయినా ఒక్క డాలరు కూడా చెల్లించనవసరం లేదు. అది సంచిలో కాక యజమాని పాదాల వద్దనే కూర్చుని ప్రయాణిస్తుంది.

ఈ రెండు నియమాల నడుమ ఉన్న సందులో నుండి ఒక అబద్ధం పుట్టింది. ఏ వైకల్యమూ లేని మనిషి తన పెంపుడు కుక్కకు "సేవా శునకం" అని రాసి ఉన్న అంగీ తొడిగి, రుసుము లేకుండా విమానం ఎక్కడం అక్కడ ఎందరికో అలవాటయింది. అటువంటి అంగీలు, గుర్తింపు కార్డులు, "రిజిస్ట్రేషన్ పత్రాలు" ఇంటర్నెట్‌లో కొద్ది డాలర్లకే దొరుకుతాయి. అమెరికా చట్టం ప్రకారం వాటికి ఎటువంటి విలువా లేదు. సేవా శునకాలను నమోదు చేసే ప్రభుత్వ పట్టిక అంటూ అక్కడ ఏదీ లేదు.

మన ఇండ్లలో కుక్కలను పెంచేవారు అరుదు. ఇక ఈ చర్చ మనకెందుకని అడగవచ్చు. మన పిల్లలు నేడు డల్లాస్‌లో, న్యూజెర్సీలో, షికాగోలో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. తోటివారు చేసే పనిని చూసి "ఇందులో తప్పేముంది?" అనుకునే వయసు వారిది. అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. బలహీనునికి ఇచ్చిన రాయితీని బలవంతుడు అబద్ధమాడి వాడుకోవడం అన్నది సముద్రాల ఆవల మాత్రమే ఉన్న జబ్బు కాదు.

ఒక అంధ యువకుని ప్రయత్నం

ఈ రాయితీ ఎలా వచ్చిందో తెలిస్తే గాని దాని విలువ తెలియదు. 1927లో అమెరికాలోని ఒక ప్రసిద్ధ వారపత్రికలో డొరోతీ యూస్టిస్ అనే మహిళ ఒక వ్యాసం రాసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం జర్మనీలో కుక్కలకు శిక్షణ ఇస్తున్న తీరును ఆమె అందులో వివరించింది. ఆ సంగతి నాష్‌విల్ నగరంలోని మోరిస్ ఫ్రాంక్ అనే అంధ యువకుని చెవిన పడింది. అతడు ఆమెకు ఉత్తరం రాసి, 1928లో స్విట్జర్లాండ్ వెళ్లి, శిక్షణ పొందిన ఒక కుక్కతో తిరిగి వచ్చాడు. న్యూయార్క్‌లో వాహనాలతో కిక్కిరిసిన ఒక వెడల్పాటి వీధిని పత్రికా విలేఖరులు చూస్తుండగా ఆ కుక్క సాయంతో దాటి చూపించాడు. మరుసటి సంవత్సరం, 1929లో, "ద సీయింగ్ ఐ" అనే శిక్షణ సంస్థ వెలసింది. అది నేటికీ న్యూజెర్సీలో పనిచేస్తున్నది.

కాని కుక్క దొరికినంత మాత్రాన కష్టం తీరలేదు. హోటళ్లు తలుపులు మూసేవి. రైళ్లవారు కుక్కను సామాను పెట్టెలో వేయమనేవారు. కన్నులు సామాను పెట్టెలో ఉంటే మనిషి ప్రయాణం ఎలా చేస్తాడు? ఫ్రాంక్, అతని సహచరులు ఊరూరా తిరిగి, అధికారులకు నచ్చచెప్పి, తమ కుక్కలు ఎవరికీ ఇబ్బంది కలిగించవని ప్రతిచోటా నిరూపించి చూపారు. 1935 నాటికి అమెరికా రైల్వే సంస్థలన్నీ అంధులను తమ కుక్కలతో కూడా ప్రయాణించనిచ్చాయి. 1956 నాటికి అన్ని రాష్ట్రాలూ బహిరంగ స్థలాలలో ఆ కుక్కలకు ప్రవేశం కల్పిస్తూ చట్టాలు చేశాయి. విమానాలలో వికలాంగుల పట్ల వివక్ష చూపరాదన్న చట్టం 1986లో వచ్చింది. అంటే దాదాపు 60 సంవత్సరాల పాటు నిజాయితీతో సంపాదించుకున్న నమ్మకం అది.

ఇక్కడ మనసును కదిలించే విషయం ఒకటి ఉంది. అటువంటి ఒక కుక్కను తయారు చేయడానికి ఏడాదికి పైగా ఒక స్వచ్ఛంద కుటుంబం దానిని ఇంట పెంచాలి. ఆపై శిక్షకుడు నెలల తరబడి నేర్పాలి. యజమాని "ముందుకు నడువు" అని ఆజ్ఞాపించినా ఎదురుగా వాహనం వస్తుంటే కదలకుండా నిలబడడం కూడా దానికి నేర్పుతారు. దీనికి అయ్యే వ్యయం చాలా పెద్దది. అయినా ఆ సంస్థ అంధుని వద్ద మొదటి కుక్కకు తీసుకునేది 150 డాలర్లు మాత్రమే. 1930ల నుండి ఆ మొత్తాన్ని పెంచలేదు. ఖర్చులో అది ఒక మూలకు రాదు. మరి ఎందుకు తీసుకుంటారు? ఆ కుక్క తనకు ఎవరో వేసిన బిచ్చం కాదని, తాను వెల చెల్లించి తెచ్చుకున్న తన సొంతమని ఆ అంధుడు తల ఎత్తుకొని చెప్పుకోవడానికి. చూపు లేని మనిషి ఆత్మగౌరవం కోసం 150 డాలర్లు చెల్లిస్తున్నాడు. అంతే మొత్తాన్ని మిగుల్చుకోవడానికి చూపు ఉన్న మనిషి అతని వేషం వేస్తున్నాడు.

మాట మీద ఆధారపడిన చట్టం

అమెరికా చట్టంలోని విశేషం దానిలోని నమ్మకం. విమానాశ్రయంలోని ఉద్యోగి ప్రయాణికుని రెండు విషయాలు అడగవచ్చు. నీ వైకల్యం కారణంగా ఈ కుక్క నీ వెంట ఉండడం అవసరమా? ఏ పని చేయడానికి దీనికి శిక్షణ ఇచ్చారు? అంతే. నీ జబ్బు ఏమిటని గుచ్చి గుచ్చి అడగరాదు. కుక్క చేత ఆ పని అక్కడికక్కడ చేయించి చూపమనరాదు.

దీని వెనుక ఎంతో మర్యాద ఉంది. వైకల్యం అన్నది పదిమంది ముందు విప్పి చూపవలసిన వస్తువు కాదు. చూపు లేకపోవడం కనిపిస్తుంది గాని, మూర్ఛ కనిపించదు. చక్కెర వ్యాధిలో హఠాత్తుగా పడిపోయే స్థితి కనిపించదు. యుద్ధభూమి నుండి తిరిగి వచ్చిన సైనికుడు రాత్రివేళ ఉలిక్కిపడి లేచే బాధ కనిపించదు. అటువంటి వారిని వరుసలో నిలబెట్టి రుజువులు అడిగితే అది రెండవ గాయం అవుతుంది. కనుక చట్టం మనిషి మాటను నమ్మింది.

నమ్మి అప్పగించిన దానిని మనం అమానతు అంటాము. అమానతు అంటే పొరుగువాడు దాచమని ఇచ్చిన బంగారం మాత్రమే కాదు. ఒక వ్యవస్థ మన మాటను రుజువుగా స్వీకరించినప్పుడు ఆ మాట కూడా అమానతే. తాళం లేని తలుపు ముందు నిలిచిన మనిషి నిజాయితీ, తాళం ఉన్న తలుపు ముందు నిలిచిన వాని నిజాయితీ కంటే కఠినమైన పరీక్షకు గురవుతుంది.

మాట చెడిన నాడు

ఆ పరీక్షలో చాలామంది నిలువలేదు. 2021కి పూర్వం అక్కడ "మానసిక ఆలంబన జంతువు" అనే మరొక తరగతి ఉండేది. శిక్షణ లేకపోయినా, దగ్గర ఉంటే యజమాని మనసుకు ఊరట కలుగుతుందని మానసిక వైద్య నిపుణుని ఉత్తరం ఉంటే చాలు, ఆ జంతువును రుసుము లేకుండా ఎక్కించుకోవలసి ఉండేది. నిజమైన రోగులకు అది ఉపకరించింది. కాని రోగిని ఎన్నడూ చూడకుండానే అటువంటి ఉత్తరాలు అమ్మే వ్యాపారం కూడా పుట్టుకొచ్చింది. అమెరికా విమాన సంస్థల సంఘం లెక్క ప్రకారం ఈ విధంగా ప్రయాణించిన జంతువులు 2016లో 4,81,000 కాగా, 2017లో 7,51,000. ఒక్క సంవత్సరంలో దేశ ప్రజల మానసిక ఆరోగ్యం అంతగా క్షీణించిందని ఎవరూ నమ్మరు. 2018 జనవరిలో న్యూవార్క్ విమానాశ్రయానికి ఒక ప్రయాణికురాలు నెమలిని వెంట తెచ్చి, అది తనకు మానసిక ఆలంబన అన్నది. విమాన సంస్థ నిరాకరించింది. లోకమంతా నవ్వుకున్నది.

నవ్వుకోలేని సంఘటనలూ జరిగాయి. 2017 జూన్‌లో అట్లాంటా నుండి బయలుదేరవలసిన ఒక విమానంలో యజమాని ఒడిలో కూర్చున్న ఆలంబన శునకం, పక్క సీటులోని ప్రయాణికుని ముఖాన్ని తీవ్రంగా కరిచింది. శిక్షణ లేని కుక్కలు ఇరుకు స్థలంలో మనుషుల మీదనే కాదు, పక్కనే పనిలో ఉన్న నిజమైన సేవా శునకాల మీద కూడా పడతాయి. ఒకసారి దాడికి గురై బెదిరిపోయిన మార్గదర్శక శునకం మళ్లీ పనికి రాకపోవచ్చు. అప్పుడు ఆ అంధుడు తన దారిని కోల్పోతాడు.

చివరకు అమెరికా రవాణా శాఖ 2020 డిసెంబరులో కొత్త నియమం ప్రకటించింది. 2021 జనవరి 11 నుండి అది అమలులోకి వచ్చింది. ఆలంబన జంతువులను సేవా జంతువులుగా పరిగణించవలసిన అవసరం తొలగిపోయింది. వైకల్యం గల వ్యక్తి కోసం ఒక పని చేయడానికి ప్రత్యేకంగా శిక్షణ పొందిన కుక్కనే సేవా జంతువుగా గుర్తిస్తారు. మానసిక వైకల్యానికి శిక్షణ పొందిన కుక్కలు కూడా ఇందులో చేరతాయి. దానితో పాటు మరొక మార్పు వచ్చింది. కుక్క ఆరోగ్యం, ప్రవర్తన, శిక్షణ గురించి ప్రయాణికుడు ప్రభుత్వ ఫారం నింపి సంతకం చేయాలని విమాన సంస్థలు కోరవచ్చు. ముందుగా టికెట్ కొన్నవారి వద్ద 48 గంటల ముందే దానిని అడగవచ్చు. 8 గంటలు, అంతకు మించిన ప్రయాణమైతే మరొక ఫారం కూడా ఉంటుంది.

ఈ ఫారాలు ఎవరు నింపుతున్నారో గమనించండి. ఆనాడు అబద్ధమాడిన వారిలో చాలామంది తమ డబ్బు మిగుల్చుకొని వెళ్లిపోయారు. నేడు ఫారాల ముందు కూర్చున్నది నిజమైన అంధుడు, నిజమైన రోగి. 60 సంవత్సరాలలో సంపాదించిన నమ్మకం కరిగిపోగా, మిగిలిన అనుమానాన్ని మోస్తున్నది వారే. కౌంటరులో ఉద్యోగి వారి వంక చూసే చూపు మారింది. "ఇది కూడా ఆ బాపతేనా?" అనే చూపు అది.

తబూక్ నాటి సాకులు

అబద్ధపు సాకుకు, నిజమైన కారణానికి మధ్య తేడాను మనకు నేర్పే ఘట్టం ఇస్లామీయ చరిత్రలో తబూక్ ప్రయాణం. హిజ్రీ 9వ సంవత్సరంలో, మండుటెండలలో, ఖర్జూరాలు పండే వేళ, దూరప్రాంతానికి బయలుదేరవలసి వచ్చింది. వెళ్లలేని వారికి రాయితీ ఉంది. బలహీనులు, వ్యాధిగ్రస్తులు, ప్రయాణ ఖర్చులకు స్తోమత లేనివారు వెనుక ఉండిపోతే వారిపై నింద లేదని సూరా తౌబా 91, 92 ఆయతులు తెలుపుతున్నాయి. తమకు వాహనం సమకూరలేదని కన్నీళ్లతో తిరిగి వెళ్లిన పేదల ప్రస్తావన కూడా అక్కడే ఉంది.

దైవప్రవక్త (స) తిరిగి వచ్చిన తరువాత వెనుక ఉండిపోయిన వారిలో ఎనభై మందికి పైగా ఆయన సన్నిధికి వచ్చి, ప్రమాణాలు చేసి సాకులు చెప్పారు. ఆయన వారి పైమాటను స్వీకరించి, వారి ఆంతర్యాన్ని అల్లాహ్‌కు వదిలివేశారు. హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) వంతు వచ్చింది. ఆయన వాక్చాతుర్యం గలవారు. నమ్మదగిన సాకు అల్లడం ఆయనకు కష్టం కాదు. కాని తనకు ఆరోగ్యం ఉన్నదని, స్తోమత ఉన్నదని, ఏ కారణమూ లేకుండానే ఆగిపోయానని నిజం ఒప్పుకున్నారు. దాని ఫలితంగా 50 రాత్రుల పాటు సంఘ బహిష్కారం అనుభవించారు. ఆ పిమ్మట ఆయన పశ్చాత్తాపం స్వీకృతమయింది.

ఆనాడు సాకులు చెప్పినవారు అక్కడికక్కడ తప్పించుకున్నారు. ఎవరూ వారిని నిలదీయలేదు. అయితే సాకును మనుషులు స్వీకరించినంత మాత్రాన అది సత్యం కాజాలదు. విమానాశ్రయంలోని ఉద్యోగి కూడా పైమాటనే స్వీకరించగలడు. రెండు ప్రశ్నలు అడిగి దారి వదులుతాడు. మూడవ ప్రశ్న అడిగేవాడు వేరే ఉన్నాడన్న స్పృహే విశ్వాసి లక్షణం.

అంగడిలో ధాన్యపు రాశిని పరిశీలించిన హదీసు మన పిల్లలందరికీ తెలిసినదే. పైన ఎండిన గింజలు, చేయి పెట్టి చూస్తే లోపల తడిసిన గింజలు. మోసగించేవాడు తన వారిలోనివాడు కాడని దైవప్రవక్త (స) ఆ సందర్భంలో హెచ్చరించారు. ఏ శిక్షణా లేని కుక్క మీద తొడిగిన సేవా శునకపు అంగీ ఆ పైన పరచిన ఎండు గింజల వంటిదే.

వినవచ్చే వాదనలు

ఈ పని చేసేవారందరూ దుర్మార్గులని చెప్పడం అన్యాయం. వారి వాదనలు కూడా వినదగినవే.

మొదటి వాదన: రుసుము అన్యాయమైనది. నిజమే, ఇందులో కొంత న్యాయం లేకపోలేదు. సీటు క్రింద పట్టే చిన్న కుక్కకు ప్రత్యేక సీటు ఉండదు. పైగా చాలా సంస్థలు కుక్క ఉన్న సంచిని చేతి సామానుగా లెక్కిస్తాయి. అంటే రుసుము చెల్లించి కూడా ఒక సంచిని వదులుకోవలసి వస్తుంది. కాని ధర ఎక్కువగా ఉండడం వేరు, ధర తెలిసి ఒప్పుకొని తరువాత ఎగవేయడం వేరు. పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారం తప్ప ఒకరి సొమ్ము మరొకరు అక్రమంగా తినరాదని సూరా నిసా 29వ ఆయతు బోధిస్తుంది. విమాన సంస్థ అంగీకారం వికలాంగునికి ఉచితంగా ఇవ్వడానికి మాత్రమే. మనం వికలాంగులమని నమ్మించి పొందిన అంగీకారం అంగీకారమే కాదు.

రెండవ వాదన: కోట్ల డాలర్ల సంస్థకు 150 డాలర్లు ఒక లెక్కా? యజమాని ధనవంతుడైనంత మాత్రాన దొంగతనం ధర్మం కాదు. అదీగాక నష్టం సంస్థ వద్ద ఆగలేదని పైన చూశాము. అది చివరకు అంధుని భుజం మీద పడింది.

మూడవ వాదన: ఇది కుక్క మీద దయతో చేసినదే. ఈ మాటను తేలికగా కొట్టివేయరాదు. సంచిలో పట్టని పెద్ద కుక్కలను క్యాబిన్‌లోకి రానివ్వరు. సాధారణ ప్రయాణికుల పెంపుడు జంతువులను సామాను గదిలో తీసుకువెళ్లడం కూడా అక్కడి పలు పెద్ద సంస్థలు మానివేశాయి. రుసుము చెల్లించినా భద్రత లేని సందర్భాలున్నాయి. 2018 మార్చిలో హ్యూస్టన్ నుండి న్యూయార్క్ వెళ్లిన విమానంలో, రుసుము చెల్లించి తెచ్చిన ఒక కుక్కపిల్ల సంచిని సిబ్బంది తలపై ఉండే సామాను అరలో పెట్టించగా అది గాలి ఆడక మరణించింది. ఒప్పందాలను నెరవేర్చమన్న ఆజ్ఞ కొనేవానికే కాదు, అమ్మేవానికీ వర్తిస్తుంది. దాహంతో ఉన్న కుక్కకు నీరు త్రాగించినందుకు ఒక పాపి క్షమాపణ పొందిన హదీసు చదివే మనకు జంతువు మీద జాలి అంటే ఏమిటో ఎవరూ నేర్పనవసరం లేదు. కాని ఆ దయ మన సొమ్ముతో, మన శ్రమతో చూపవలసినది. నిస్సహాయుని హక్కును ఖర్చు పెట్టి చూపే దయ దయ కాదు.

నాల్గవది వాదన కాదు, జాగ్రత్త. మానసిక వ్యాధి నిజమైన వ్యాధే. ఆరోగ్యంగా కనిపించే యువకుని పక్కన సేవా శునకం ఉంటే అతడు మోసగాడని అనుకోవడానికి మనకు హక్కు లేదు. అధిక అనుమానాలకు దూరంగా ఉండమని సూరా హుజురాత్ 12వ ఆయతు ఆదేశిస్తుంది. ఈ వ్యాసం చదివి ఎవరినైనా వేలెత్తి చూపితే అది మరొక అన్యాయం. ఇక్కడి ప్రశ్న ప్రతివాడూ తనను తాను అడుగవలసినది.

కుక్కను పెంచడం గురించి కూడా ఒక మాట. వేట, పశువుల కాపలా, పొలం కాపలా వంటి అవసరాలు లేకుండా కుక్కను ఉంచుకోవడాన్ని హదీసులు వారించాయి. దాని లాలాజలం అపవిత్రమన్నది హనఫీ పండితుల అభిప్రాయం. మాలికీ పండితుల అభిప్రాయం వేరు. అంధునికి దారి చూపడం మాత్రం అవసరమే. 2008లో ఇంగ్లాండులోని లెస్టర్ నగరంలో ఒక అంధ ముస్లిం యువకుడు తన మార్గదర్శక శునకంతో మసీదు వరకు రావడానికి అక్కడి షరీఅత్ మండలి అనుమతించింది. అతడు నమాజు చేసేటప్పుడు కుక్క ఉండడానికి మసీదు ప్రవేశద్వారం వద్ద చోటు ఏర్పరచారు. మసీదు గడప వరకు వచ్చిన ఆ నమ్మకాన్ని విమానాశ్రయపు గడపలో పోగొట్టుకోకూడదు.

ధర్మబద్ధమైన మార్గాలు

రుసుము తప్పించుకోవాలని కోరుకోవడమే తప్పు కాదు. దుబారా చేయకుండడం మన ధర్మమే. తప్పించుకునే ఉపాయాలను రెండుగా విభజించడం మన ఫిఖహ్ పండితులకు అలవాటు. ఎవరి హక్కునూ హరించకుండా ఇబ్బంది నుండి బయటపడే మార్గం ఒకటి, ఇతరుల హక్కును రద్దు చేయడానికి వేసే ఎత్తు మరొకటి. ఇమామ్ బుఖారీ (రహ్మ) తమ హదీసు సంకలనంలో ఉపాయాల గురించి ఒక ప్రత్యేక అధ్యాయమే పెట్టారు.

మొదటి రకం మార్గాలు చాలానే ఉన్నాయి. సంస్థల ధరలను పోల్చి చూసి తక్కువ రుసుము ఉన్నచోట టికెట్ కొనవచ్చు. చిన్న ప్రయాణమైతే కుక్కను నమ్మకస్తుడైన మిత్రుని ఇంట లేదా జంతు వసతిగృహంలో ఉంచవచ్చు. దూరం తక్కువైతే కారులో వెళ్లవచ్చు. ధర అన్యాయమనిపిస్తే సంస్థకు, రవాణా శాఖకు ఫిర్యాదు రాయవచ్చు. కుక్కను తెచ్చుకునే ముందే దాని ఆహారం, వైద్యం, ప్రయాణం ఖర్చులు భరించగలమా అని ఆలోచించవచ్చు. నిజంగా వైద్య అవసరం ఉన్నవారు సిగ్గుపడకుండా, ఆ ఫారం నింపి, తమ హక్కును పూర్తిగా వాడుకోవచ్చు. ధర్మం ఇచ్చిన రాయితీని అర్హుడు స్వీకరించడం దోషం కాదు.

రెండవ రకం మార్గం ఒక్కటే, అబద్ధపు సంతకం. ఆ ఫారం మీదనే అసత్యం చెప్పడం దేశచట్టం ప్రకారం నేరమని హెచ్చరిక ఉంటుంది. బహిరంగ స్థలాలలో దొంగ సేవా శునకాలను తెచ్చేవారిని శిక్షించే చట్టాలు అనేక రాష్ట్రాలలో ఉన్నాయి. ఫ్లోరిడా చట్టం జరిమానాతో ఊరుకోదు. అటువంటి వ్యక్తి వికలాంగులకు సేవ చేసే సంస్థలో 30 గంటలు పనిచేయాలని కూడా అంటుంది. ఎవరి పేరు చెప్పి మోసగించాడో వారి ముఖం చూడాలన్నది ఆ శిక్ష ఉద్దేశమై ఉండాలి. విద్యార్థి వీసా మీద, ఉద్యోగ వీసా మీద అక్కడ ఉన్న మన పిల్లలకు ప్రభుత్వ పత్రం మీద అసత్యపు సంతకం అంటే ఎంతటి ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. అయితే పట్టుబడతామన్న భయంతో మానిన అబద్ధం, పట్టుబడని చోట మళ్లీ తలెత్తుతుంది. కనుక భయం కంటే విచక్షణను నేర్పడమే మేలు.

మన గడపలో

ఈ కథ అమెరికాది. దీని నీతి మన ఊరిది కూడా. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛనును 2024లో నెలకు 3,000 రూపాయల నుండి 6,000కు పెంచారు. అనర్హులు కూడా వైకల్య ధ్రువపత్రాలతో పింఛను పొందుతున్నారన్న ఆరోపణల నడుమ 2025లో ప్రభుత్వం లబ్ధిదారులకు మరల వైద్య పరీక్షలు జరిపించింది. నడవలేనివారు, చూడలేనివారు సైతం తమ వైకల్యాన్ని మరొకసారి నిరూపించుకోవలసి వచ్చింది. న్యూవార్క్ కౌంటరులోని అంధునికి జరిగిందే ఇక్కడి పల్లెలోని అంధునికీ జరిగింది. వినికిడి బాగుండి కూడా చెవిటితనం పత్రం తెచ్చుకున్న వ్యక్తి ప్రభుత్వాన్ని మోసగించానని అనుకుంటాడు. వాస్తవానికి అతడు మోసగించినది తన వీధి చివరి చెవిటి మనిషిని.

ఇంతకంటే చిన్నవి కూడా ఉన్నాయి. రైలులో 5 సంవత్సరాలు నిండని పిల్లలకు ప్రత్యేక బెర్తు కోరకపోతే టికెట్ అవసరం లేదు. 6 సంవత్సరాల బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని, టికెట్ తనిఖీ చేసే అధికారితో "నాలుగున్నరేళ్లండీ" అని చెప్పే తండ్రి మనలో లేడా? బస్సులో దివ్యాంగులకు కేటాయించిన సీటులో కూర్చుని, నిజంగా అవసరమున్నవాడు ఎక్కగానే కిటికీ వైపు ముఖం తిప్పుకునే యువకుడు మనలో లేడా? మొత్తం ఎంతో తక్కువ. కాని తూకం వేసేటప్పుడు తగ్గించేవారిని, పుచ్చుకునేటప్పుడు మాత్రం నిండుగా తీసుకునేవారిని హెచ్చరించడానికి ఒక సూరాయే అవతరించింది. ఆ సూరా ముతఫ్ఫిఫీన్ అంగడిలోని త్రాసుకు మాత్రమే పరిమితం కాదు. రాయితీని కూడా త్రాసులో తూచవలసిందే.

అందువల్ల తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లలు విదేశాలకు బయలుదేరేటప్పుడు హలాల్ ఆహారం గురించి, నమాజు వేళల గురించి జాగ్రత్తలు చెబుతాము. అవి తప్పక చెప్పవలసినవే. వాటితో పాటు, ఎవరూ తనిఖీ చేయని ఫారం మీద సంతకం చేసేటప్పుడు ఎలా ఉండాలో కూడా చెప్పాలి. ఆ పాఠం విమానాశ్రయంలో మొదలు కాదు. రైలు పెట్టెలో తండ్రి తన వయసు తగ్గించి చెబుతుండగా విన్న ఆరేళ్ల బిడ్డకు, తనకు ఆరేళ్లని తెలుసు. తండ్రి నోట నిజం వినిపిస్తే ఆ బిడ్డ నేర్చుకునేది ఒకటి, సాకు వినిపిస్తే నేర్చుకునేది మరొకటి. ఆ అర టికెట్ సొమ్ము చెల్లించడం బిడ్డ చదువుకు పెట్టిన ఖర్చే అనుకోవాలి.